నీళ్లెక్కడివని అడిగే మావ

మావ పోయిన కబురు నాకు కాశీబుగ్గ బజారులో, కూరల దుకాణం ముందు తెలిసింది. ఫోను చేసింది అప్పన్న. ఒకప్పుడు మా లాబ్ జీపు నడిపినవాడు. "అమ్మా, మావ ఎల్లిపోనాడు. పొద్దున్నే అరుగు మీద కూకోని టీ తాగుతా తాగుతా అలగే ఒరిగిపోనాడు" అన్నాడు. అలాంటి మాట విన్నాక ఏం అనాలో ఎవరికి తెలుస్తుంది? నా నోట్లోంచి మాత్రం "టీ పూర్తిగా తాగాడా?" అన్న ప్రశ్న వచ్చింది. కూరలమ్మే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అప్పన్న వింతగా తీసుకోలేదు. "నేదమ్మా. సగం ఉండిపోనాది. సల్లారిపోనాది" అని బావురుమన్నాడు.

ఆయన్ని ఎరిగినవాళ్లకి ఆ ప్రశ్న అర్థమవుతుంది. మావ వేడి టీ తాగగా నేను ఎన్నడూ చూడలేదు. గ్లాసు చేతికందుకుంటాడు, రెండు అడుగులు వేస్తాడు, అంతలో మిషను మీద కాగితంలో ముల్లు కదిలిందేమోనని అనుమానం వస్తుంది. గ్లాసు కిటికీ గట్టు మీదకి చేరుతుంది. గంట తరవాత దాన్ని చూసి, అయ్యో అనుకుని, మీద కట్టిన మీగడ వేలితో తీసి పడేసి గటగటా తాగేస్తాడు. "వేడిగా తాగితే ఏమవుతుంది మావా, నాలుక కాలుతుందా?" అని నేను దెప్పేదాన్ని. "టీ నా కోసం ఆగుతాది. సిమెంటు ఆగదు గదా పిల్లా" అనేవాడు.

మావ అన్నానని చుట్టరికం అనుకోకండి. మాది నిమ్మాడ, వ్యవసాయం. ఆయనది భావనపాడు, తాతల నాటినుంచీ సముద్రం మీద వేట. నేను చేరినప్పుడు ఆయన మా లాబ్ ఇన్‌చార్జి. మొదట్లో నేను సార్ అనే పిలిచాను. "సార్ అంటే నా ఎనకాల ఎవుడో వచ్చినాడేమోనని తిరిగి సూసుకోవలిసొత్తంది. మావా అను, సాలు" అన్నాడు. మా పక్కన మావ అనడానికి పెద్ద కారణం అక్కర్లేదు కనుక అలాగే అనేశాను. ఆ పిలుపు అలవాటై, ఆయన పేరు నా నోట ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు రాయడానికీ చెయ్యి రావడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా తీరానికి దూరంగా, సముద్రం అడుగున నూనె ఉందేమో తవ్వి చూడడానికి ఒక ఓడ వచ్చి నిలబడింది. దాని పనికోసం టెక్కలి నుంచి నౌపడ వెళ్లే రోడ్డు మీద పాత జీడిపిక్కల గోడౌను ఒకటి అద్దెకి తీసుకుని లాబ్ పెట్టారు. సిమెంటు పరీక్షించే లాబ్. కెమిస్ట్రీ చదివిన వాళ్లు కావాలంటే నేను దరఖాస్తు పెట్టాను. మా నాన్న పడీపడీ నవ్వాడు. "సిమెంటు ఎప్పుడు గట్టిపడతాదో సూడ్డానికి ఎమ్మెస్సీ ఎందుకే? మన తాపీ మేస్త్రీని అడిగితే సెప్పడేటి?" అన్నాడు.

ఇంటర్వ్యూలో నేను పుస్తకాలన్నీ వల్లె వేసుకుని వెళ్తే, మావ అడిగిన మొదటి ప్రశ్న, "అరిసెల పాకం ఎప్పుడు దించాలో తెలుసా?" అని. ఆడపిల్లని కాబట్టి వంట గురించి అడుగుతున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంట్లో పాకం మా నాన్న పడతాడు. నేను పిండి కొడతాను" అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్విన నవ్వుకి గోడౌను రేకులు మోగాయి. "అయితే మీ నాన్ననే తీసుకోవాల. సరే, నువ్వు దొరికినావు కదా, నీకు నేర్పుతాను" అన్నాడు. ఆ తరవాత ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ మా బడి పిల్లలకి అవే మాటల్లో చెబుతుంటాను.

సముద్రం అడుగున బావి తవ్వుతారు. అది కూలిపోకుండా ఇనప గొట్టం దింపుతారు. గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఉంటుంది కదా, అందులో సిమెంటు నిలబడాలి. పైనుంచి సందులో పోస్తే దిగదు. కాబట్టి సిమెంటునీ నీళ్లనీ పలచగా కలిపి, గొట్టం లోపలినుంచి కిందకి తోస్తారు. అడుగుకి వెళ్లి, మళ్లీ బయటివైపు నుంచి పైకి పాకుతుంది. ఈ ప్రయాణానికి గంటలు పడుతుంది. అడుగున వేడి, పైనుంచి బరువు. దారిలోనే గట్టిపడిందా, గొట్టంలోనే రాయిలా కూర్చుంటుంది, బావి పోతుంది, పైన నిలబడ్డవాళ్ల ప్రాణం మీదకి వస్తుంది. చేరాక ఎంతసేపటికీ గట్టిపడలేదా, భూమి లోపలి గ్యాసు ఆ పలచటి దాంట్లోంచి దారి చేసుకుని పైకి తన్నుకొస్తుంది. "ముదిరిపోతే అరిసె రాయి. లేతగా దించితే నూనెలో ఇడిపోతాది. పని అదే, మూకుడే పెద్దది" అని మావ తేల్చేశాడు.

మా మూకుడు ఒక ఇనప పాత్ర. దాని మిషనుకి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఉంది కానీ మేమంతా కుండ అనేవాళ్లం. ఓడలో వాడే సిమెంటే, ఓడలో వాడే పొడులే, ఓడలో వాడే నీళ్లే తెచ్చి కలిపి కుండలో పోసి, చుట్టూ బావి అడుగున ఉండే వేడీ ఒత్తిడీ పెడతాం. కుండ తిరుగుతూ ఉంటుంది, లోపల తెడ్డు మాత్రం తిరక్కుండా నిలబడి ఉంటుంది. సిమెంటు చిక్కబడే కొద్దీ తెడ్డు మీద బరువు పడుతుంది. అది పక్కనే కాగితం మీద ముల్లు గీసే గీతలో కనబడుతుంది. పలచగా ఉన్నంతసేపూ గీత పడుకునే ఉంటుంది. చిక్కబడితే లేస్తుంది. కలిపిన దగ్గరనుంచి గీత లేచేదాకా పట్టిన సమయం చూసి, ఓడకి చెప్పాలి. చెప్పాల్సినవాడు మావ.

పరీక్ష అయ్యాక కుండలో మిగిలిన ముద్దని అది గట్టిపడేలోగా తీసెయ్యాలి. ఆ పని మావ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. చేత్తో తోడి కొబ్బరిచిప్పల్లో పోసేవాడు. కొబ్బరితోటల మా ఉద్దానంలో చిప్పలకి కరువేముంది? మర్నాటికి చిప్ప పగలగొడితే గుండ్రటి సిమెంటు ముద్ద వచ్చేది. లాబ్ వెనక పెరడంతా అవే. భావనపాడు వాళ్లు వచ్చి వలలకి బరువుగా పట్టుకెళ్లేవారు. మా అమ్మకి ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి తీసుకెళ్లి ఇచ్చాను. "ఎమ్మెస్సీ సదివి సిమెంటు కొబ్బరికాయ తెచ్చినాది" అని ఊరంతా చెప్పుకుంది.

లాబ్‌లో ఆయనకి ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనూ సరసం లేదు. లోపల ఏదీ నోట్లో పెట్టకూడదు. మంచినీళ్లు సైతం బయట వరండాలోనే. ఒకసారి నేను ఉసిరికాయ చప్పరిస్తూ లోపలికి వెళ్తే, చెయ్యి చాపి నిలబడ్డాడు, దాన్ని ఆ చేతిలో ఉమ్మేదాకా కదల్లేదు. ఇంత చెప్పడం ఎందుకంటే, ఆ నియమాన్ని ఆయనే తప్పిన రోజు ఒకటి వచ్చింది.

ఆ రోజు దగ్గరకి వచ్చే ముందు కుర్చీ సంగతి చెప్పాలి. వేటకెళ్లే ఇంట్లో పుట్టి, బీఎస్సీ చదివి, ఎక్కడెక్కడో లాబుల్లో పనిచేసి, సొంత తీరానికి ఇన్‌చార్జిగా వచ్చాడు మావ. బయట బోర్డు మీద ఆయన పేరు రాశారు. ఆ బోర్డు చూడడానికి భావనపాడు నుంచి ట్రాక్టరు కట్టుకుని జనం వచ్చారు. ముసలివాళ్లు లోపలికొచ్చి ఆయన కుర్చీలో ఒక్కొక్కరూ కూర్చుని చూశారు. మావ వాళ్ల నాన్న కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, "మెత్తగా ఉన్నాది" అని వెళ్లిపోయాడు. ఆ కుర్చీ మావకి ఎంతో నాకు తెలుసు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తానే గుడ్డతో తుడిచేవాడు, తుడవడం ఎవరూ చూడలేదనుకునేవాడు.

ఓడ నుంచి నమూనాలు చిన్న పడవ మీద భావనపాడుకి వచ్చేవి. అక్కడినుంచి అప్పన్న జీపులో లాబ్‌కి తెచ్చేవాడు. ఆ విడత సిమెంటు సంచులు, పొడులు, ఒక తెల్ల డబ్బాలో నీళ్లు వచ్చాయి. డబ్బా మీద ఓడవాళ్లు అంటించిన చీటీ ఉంది. చీటీ చూశాం, నమ్మాం. అప్పటికి మా పద్ధతి అంతే. మర్నాడు పొద్దున్నే కలిపి కుండలో పోశాం. ఓడలో పని నాలుగు గంటలు పడుతుందన్నారు. ముల్లు ఐదు గంటలు దాటినా పడుకునే ఉంది. మావ సంతోషించాడు. మధ్యాహ్నం విశాఖలో ఉన్న మేనేజరుకి ఫోను చేసి, "ఇబ్బంది నేదు సార్, మొదలెట్టుకోమనండి" అని చెప్పాడు. సాయంత్రం ఓడలో పంపులు మొదలవుతాయి.

అన్నాలు తిన్నాం. కరెంటు పోయి మోటారు ఆడలేదు, కొళాయిలో చుక్క లేదు. నా చేతులకి చేపల పులుసు జిడ్డు. డబ్బాలో మిగిలిన ఓడ నీళ్లు, అంటే సిమెంటులో కలిపే సముద్రపు నీళ్లు, కనబడ్డాయి. ఉప్పునీళ్లకి సబ్బు నురగ రాదని మా తీరంలో చంటిపిల్లలకైనా తెలుసు, కానీ వేరే దారి లేదు. పెరట్లోకి తీసుకెళ్లి చేతుల మీద ఒంపుకుని సబ్బు రుద్దాను. నురగ వచ్చింది. పొంగుకుంటూ మోచేతుల దాకా వచ్చింది. నేను ముచ్చటపడి ఇంకాస్త రుద్దాను.

గుమ్మంలో మావ టీ గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు. "ఏటది? నురగొత్తంది?" అన్నాడు.

"చూడు మావా, ఎంత బాగా వస్తోందో" అన్నాను.

"ఏ నీళ్లవి?"

"ఓడవే. ఆ డబ్బావే."

గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. వచ్చి డబ్బా వంచి, అరచేతిలో కాసిని పోసుకుని నోట్లో వేసుకున్నాడు. నియమం గుర్తుచేసి దెప్పుదామని నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మూసేశాను. నీళ్లు మింగి, కళ్లు మూసుకుని, మెల్లగా అన్నాడు. "ఇవి ఓడ నీళ్లు కావు. ఇవి మా ఊరి కొబ్బరితోటలో నూతి నీళ్లు. పుట్టినకాడ్నించీ తాగినవి."

లోపలికి పరిగెత్తి, ఉప్పుని పట్టిచ్చే మందు చుక్కలు వేసి చూశాను. సముద్రపు నీళ్లు కలిస్తే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టాలి. సన్నటి మసక తప్ప ఏమీ రాలేదు. అదెంత ప్రమాదమో మీకూ చెప్పాలి. సముద్రపు ఉప్పు సిమెంటుని తొందరపెడుతుంది. మంచినీళ్లతో ఐదు గంటలు పలచగా నిలబడ్డ సిమెంటు, ఓడలో ఉన్న ఉప్పునీళ్లతో అందులో సగమైనా నిలబడుతుందో లేదో. ఓడవాళ్లు మా మాట నమ్ముకుని సాయంత్రం దాన్ని గొట్టంలోకి తోయబోతున్నారు. ఆ ఓడ మీద పనికి వెళ్లినవాళ్లలో భావనపాడు కుర్రాళ్లూ ఉన్నారు.

అప్పన్న బయట జీపు అద్దం తుడుస్తున్నాడు. మావ పిలిచి అడిగాడు. వాడు దాచలేదు. గర్వంగానే చెప్పాడు. "ఓడోల్లిచ్చిన నీళ్లు సూత్తే రోతొచ్చినాది మావా. తుప్పుకి ఎర్రగా, కంపు. నోట్లోసుకుంటే ఉప్పుకసాయం. సిమెంటుకి ఉప్పునీళ్లేటి? మన మేస్త్రీలైతే తాపీ పడేసి పోతారు. ఓడోల్లకి తెలవదేమో, సారోళ్లకి ఇలాటియ్యి ఇత్తామేటి అనుకోని, దార్లో ఒంపీసినాను. డబ్బా సుబ్బరంగా కడిగి, మా అత్తోరి తోటలో నూతి నీళ్లు తోడి పోసినాను. బాగున్నాయి గదా?"

మా తీరం తెలియని వాళ్లకి ఇది తెలివితక్కువ పనిగా కనబడుతుంది. ఇక్కడ ఇల్లు కట్టుకునేవాళ్లు దూరంనుంచి బళ్ల మీద మంచినీళ్లు తోలించుకుంటారు, ఉప్పునీళ్లతో కడితే గోడ పొడిపొడిగా రాలుతుందని. గడప తొక్కిన శత్రువుకి సైతం ఉప్పునీళ్లు ఇవ్వరు. అప్పన్న మేస్త్రీ మాటనీ, ఇంటి మర్యాదనీ రెండింటినీ పాటించాడు. వాడి మొహంలో మెప్పుకోసం చూసే చూపు చూసి, నేను తిట్టబోయి తిట్టలేకపోయాను.

మావ తిట్టలేదు. ఫోను దగ్గరకి నడిచాడు. మధ్యలో ఒక్క క్షణం తన కుర్చీ పక్కన ఆగాడు. ఇప్పుడు ఫోను చేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. చెయ్యకపోతే, ఒకవేళ అదృష్టం బాగుండి సిమెంటు దాటిపోతే, ఎవరికీ ఏదీ తెలియకుండా పోతుంది. ఆయన నంబరు తిప్పాడు.

మేనేజరు అరుపులు నాకు గోడవతల నిలబడినా వినిపించాయి. "నువ్వే కదయ్యా ఇందాక మొదలుపెట్టమన్నావు?"

"అన్నాను సార్. ఇప్పుడు ఆపమంటన్నాను. మేం పరీచ్చ సేసిన నీళ్లు ఓడ నీళ్లు కావు."

"ఎవరు మార్చారు? పేరు చెప్పు."

"లాబ్‌లోకి వచ్చిన నీళ్లకి లాబే పూచీ సార్. సూసుకోకుండా పెట్టింది నాను."

"ఓడని ఊరికే నిలబెడితే పైవాళ్లకి నేనేం చెప్పను? ఇన్‌చార్జిగా నీకు ఇదే ఆఖరి రోజు. అర్థమైందా?"

"అలగే సార్" అన్నాడు మావ. "ముందు ఓడకి సెప్పండి."

ఆ తరవాత మేం ఎదురుచూసిన కాసేపు నేను మరిచిపోలేను. మావ కుండకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. అప్పన్నకి విషయం మెల్లమెల్లగా ఎక్కుతోంది. వాడు గుమ్మంలో గొంతుక్కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఫోను మోగింది. మావ విని, పెట్టేసి, "ఆపినారు" అన్నాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, చల్లారిన టీ మీద మీగడ తీసి పడేసి తాగాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. చేతుల మీద నురగ ఎండిపోయి తెల్లగా చారలు కట్టి ఉంది.

బదులు మనిషి వచ్చేదాకా పని మావ చేతిలోనే ఉంది. మర్నాడు ఓడ నుంచి అసలు నీళ్లు వచ్చాయి. ఈసారి అప్పన్నకి డబ్బా ముట్టుకోవాలంటేనే భయం. మావ వాణ్ణే పంపాడు. పరీక్ష మొదలయ్యాక వాణ్ణి లోపలికి పిలిచి, ముల్లు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "సూత్తూ ఉండు" అన్నాడు. మొదట్లో గీత నిన్నటిలాగే పడుకుని ఉంది. రెండు గంటలు దాటాక కాస్త వణికింది. ఇంకాసేపటికి నిలువునా లేచింది, గోడకి నిచ్చెన వేసినట్టు. ఓడవాళ్ల పని సగంలో ఉండే వేళకి. అప్పన్న స్టూలు మీంచి దిగి మావ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నాను మంచే సేద్దామనుకున్నాను మావా."

"మంచినీళ్లే పోసినావురా. ఈ గట్టున పుట్టినోడు ఎవుడైనా అదే సేత్తాడు. నాకు ఓడ నీళ్లే కావాల అని నీకు సెప్పినానా? సెప్పనేదు. నెగు, కుండ కడగాల" అన్నాడు మావ.

ఆ తరవాత గట్టిపడడాన్ని ఆలస్యం చేసే పొడి పాలు పెంచి, ఉప్పునీళ్లతోనే మళ్లీ మళ్లీ పరీక్షలు చేసి, ఓడకి సరైన లెక్క పంపాడు. పని సజావుగా జరిగింది. బావి నిలబడింది. భావనపాడు కుర్రాళ్లు ఇళ్లకి వచ్చి అన్నాలు తిన్నారు. జరగని ప్రమాదానికి ఎవరూ దండలు వెయ్యరు కనుక, మావని ఎవరూ మెచ్చుకోలేదు. కొత్త ఇన్‌చార్జి మాత్రం వచ్చాడు. ఎక్కడివాడో, చెడ్డవాడు కాదు. బోర్డు మీద పేరు మారింది. మావ కిటికీ పక్క బల్లకి మారాడు. టీ గ్లాసుకి ఇప్పుడు దగ్గరైందని నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కొత్తాయన వచ్చిన వారంలో ఒకరోజు మావని నిలదీశాను. "అప్పన్న పేరు చెప్పెయ్యొచ్చు కదా మావా. నీ తప్పు కాదని అందరికీ తెలిసేది."

"సెపితే ఆడు పోతాడు. ఆడికి జీపు తప్ప ఇంకోటి రాదు. సెప్పకపోతే ఒక కుర్చీ ఇటునించి అటు జరుగుతాది. అంతే గదేటి?"

"మీ నాన్నకేం చెబుతావు?"

ఆ మాట అని నాలుక కరుచుకున్నాను. మావ కాగితం మీద గీత మీంచి చూపు తిప్పలేదు. "సెప్పినాను. 'ఓడ ఒడ్డుకొచ్చినాదా?' అని అడిగినాడు. వచ్చినాదన్నాను. 'మరేటి?' అన్నాడు" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నాకు ఆ మేనేజరు మీద కోపం అప్పుడే కాదు, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. మావకి లేదు. దాని మీద కూడా నాకు కోపమే.

అప్పటినుంచి మావకి ఆ అలవాటు పట్టుకుంది. లాబ్‌లోకి ఏ డబ్బా వచ్చినా, "నీళ్లెక్కడివి?" అని అడగడం. లాబ్‌లోనే అయితే బాగుండేది. బస్సులో పక్కవాడు సీసా ఎత్తితే, "నీళ్లెక్కడివి బాబూ?" హోటల్లో గ్లాసు పెడితే, "నీళ్లెక్కడివి?" నా పెళ్లిలో వంటవాళ్ల దగ్గరకి వెళ్లి డేగిసాల మూతలు తీసి మరీ అడిగాడు. మా మావగారు కంగారుపడి, "ఎవరమ్మా ఆయన, ఆరోగ్య శాఖ నుంచి వచ్చారా?" అని పీటల మీదున్న నన్ను అడిగారు. "మా మావ" అన్నాను. ఆయనకి ఇంకా అయోమయమైంది.

ఓడ ఎన్నాళ్లో తవ్వి, కావలసినంత నూనె లేదని వెళ్లిపోయింది. లాబ్ మూసేశారు. గోడౌనులోకి మళ్లీ జీడిపిక్కలు వచ్చాయి. నేను పలాసలో టీచరుగా చేరాను. అప్పన్న సొంతంగా ఆటో కొనుక్కున్నాడు. మావ భావనపాడు వెళ్లిపోయి, ఇల్లు కట్టుకునేవాళ్లకి సిమెంటు పాళ్లు చెబుతూ కాలక్షేపం చేశాడు. ఈ మధ్య ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరగడం మొదలయ్యాక, అందరూ ఒకరినొకరు అదే ప్రశ్న అడుగుతున్నారు. కారణం నీళ్లో కాదో పెద్దవాళ్లు తేల్చాలి. ఒకసారి కలిసినప్పుడు, "చూశావా మావా, ఊరంతా నీలాగే అయిపోయింది" అన్నాను. ఆయన నవ్వలేదు. "నా ప్రెశ్న ఈల్లకి రాకుండా ఉంటే బాగుణ్ణే" అన్నాడు.

కబురు తెలిసిన రోజే బయల్దేరాను. నౌపడ దగ్గర బస్సు ఉప్పుమడుల పక్కనుంచి వెళ్లింది. కుప్పలుగా పోసిన ఉప్పు మీద తాటాకులు కప్పి ఉన్నాయి. ఈ ఉప్పు చిటికెడైనా సిమెంటుని ఎంత తొందరపెడుతుందో మావ నాకు ఈ రోడ్డు మీదే చెప్పాడు. నేను వెళ్లేసరికి ఆయన్ని తీసుకెళ్లిపోయారు. మావ భార్య, నాకు అత్త, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఒక్కనాడైనా ఏడిగా తాగమని సెప్పేదానివి గదే. ఇన్నాడా?" అంది. ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం.

వచ్చినవాళ్లకి అప్పన్నే నీళ్లు అందిస్తున్నాడు. జుట్టు నెరిసింది. వరండా మూల ఇసకలో మంచినీళ్ల కుండ. దాని మీద అల్యూమినియం మూత, మూత గాలికి ఎగిరిపోకుండా బరువుగా ఒక సిమెంటు ముద్ద. కొబ్బరిచిప్ప ఆకారం. దగ్గరికి వెళ్లి చూశాను. పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అక్షరాలు అరిగిపోయి కూడా చదవడానికి వస్తున్నాయి. మంచినీళ్లు, అని రాసి ఉంది. అది తప్పైన ఆ మొదటి పరీక్ష తాలూకు ముద్ద. సరైనవి అన్నీ వలలకి పంచేసి, ఆ ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పన్న ముద్ద ఎత్తి పక్కన పెట్టి, మూత తీసి, గ్లాసు ముంచి నాకు అందించాడు. నేను పెదాల దాకా తెచ్చుకున్నాను. అనుకోకుండానే అడిగాను.

"నీళ్లెక్కడివి?"

అప్పన్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యేనమ్మా" అన్నాడు. "మా అత్తోరి తోటలో నూతివి. రోజూ నానే తెచ్చి పోత్తాను. ఆ నాటినించీ."

తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. అప్పన్న కుండకి మూత పెట్టి, సిమెంటు ముద్దని రెండు చేతులా ఎత్తి మెల్లగా దాని మీద పెట్టాడు. సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చి దండెం మీద మావ తువ్వాలుని ఎగరేసింది. కుండ మీద మూత కదల్లేదు.